ఫ్రెంచ్ హార్న్ మీద పై నోట్లు నాకు ఎట్ల దొరికినయంటే

బ్యాండు మేళంల పెరిగిన మాలాంటోళ్ళకు చిన్నప్పటి నుంచి ఒకటే లెక్క, పై నోటు రావాలంటే మౌత్‌పీస్‌ను మూతికి గట్టిగ అదమాలె, పెదవులు బిగబట్టాలె, ఉన్న గాలంతా ఒక్కసారి తోసెయ్యాలె. బరాత్‌ల ట్రంపెట్‌కు అది నడుస్తది, ఎందుకంటే పక్కన డ్రమ్ములు, జనరేటర్ మోత, పటాకులు, వాటన్నిటి మీద వినపడుడే అక్కడ పని. అదే తీరు ఫ్రెంచ్ హార్న్ మీద, అంటే పైపు గుండ్రంగ చుట్టి, బెల్ అనే వెడల్పు నోరు వెనక్కి ఉండే ఇత్తడి వాయిద్యం మీద పెడితే, స్టాఫ్ (నోట్లు రాసే ఐదు గీతలు) పైనున్న జి అనే నోటు దాకా ఎట్లనో పోతం, ఆ తర్వాత నోటు పగులుతది, పెదవి వాస్తది, కొంచెం సేపటికే మూతి మాట వినదు. ఆ జి నుంచి పై సి దాకా నాకు దారి దొరికింది కింది నోట్లు సక్కగ నేర్చుకున్నంకనే. మన దిక్కు ట్రంపెట్, యుఫోనియం వాయించేటోళ్ళు మస్తు మంది ఉన్నరు, హార్న్ లేకున్నా వాళ్ళకు ఇందుల సగం పనికొస్తదని రాస్తున్న.

మాది మర్రిగూడ దిక్కు ఊరు, ఇప్పుడు ఉండేది నల్గొండ టౌన్‌ల. మా నాయిన క్లారినెట్, చిన్నాయిన సైడ్ డ్రమ్ము, నేను ట్రంపెట్, పాట విని వాయించుడే తప్ప నోటేషన్ చదువుడు మా ఇంట్ల లేదు. హార్న్ చూపించింది మిలిటరీ బ్యాండుల చేసి రిటైర్ అయిన ఒక సారు. మధ్యప్రదేశ్ పచ్‌మఢీల ఆర్మీ వాళ్ళ మ్యూజిక్ ట్రైనింగ్ ఉంటది, అక్కడ నేర్చుకున్న మనిషి. ఆయన దగ్గర పాత డబల్ హార్న్, అంటే పొడుగు పైపు, పొట్టి పైపు రెండూ ఒక్కదాంట్లనే ఉన్నది, ఉండె. ఆయన కూసోని, బెల్ వెనక్కి పెట్టి, ఒక్క నోటు మెల్లగ పట్టి పెంచి మళ్ళ తగ్గించిండు, ఆ సౌండు ముందటి నుంచి వస్తుందో ఎనుక నుంచి వస్తుందో తెల్వకుండ ఇల్లంతా నిండింది. ఇత్తడిల ఇంత మెత్తని గొంతు ఉంటదని అప్పటిదాకా నాకు తెల్వదు. నేర్పమని అడిగితే "ముందుగాల ట్రంపెట్ మూతిని పక్కన పెట్టు బిడ్డా" అన్నడు, ఆ మాట అర్థం కానీకే నాకు చానా రోజులు పట్టింది.

కష్టం ఎక్కడుందో ముందు చెప్తా. మామూలు ట్రంపెట్ పైపు మొత్తం సాగదీస్తే నాలుగున్నర అడుగులు. హార్న్ బి ఫ్లాట్ సైడ్ తొమ్మిది అడుగులు, ఎఫ్ సైడ్ 12 అడుగుల పైన. ఈ రెండు సైడ్‌లు ఒకే హార్న్‌ల పెట్టి బొటనవేలు వాల్వ్‌తోని (వేలితోని నొక్కే మీట) మార్చుకునే పద్ధతి 1897ల జర్మనీల క్రుస్పె వాళ్ళు తెచ్చిండ్రు. పైపు ఎంత పొడుగుంటే దాని హార్మోనిక్‌లు, అంటే వాల్వ్ మార్చకుండ పెదవితోనే ఒకదాని మీద ఒకటి పలికే నోట్లు, అంత కిందికెళ్ళి మొదలైతయి. ట్రంపెట్ వాయించేటప్పుడు మనం ఎక్కువ రెండో హార్మోనిక్ నుంచి ఎనిమిదో దాని మధ్యల ఉంటం, అక్కడ ఒక్కోదానికి మధ్య దూరం బాగుంటది, పెదవి కొద్దిగ అటిటు అయినా అదే నోటు పలుకుతది. హార్న్ ఎఫ్ సైడ్ మీద ఎనిమిది నుంచి 16 దాకా కూడా వాయించాలె, ఆ ఒక్క ఆక్టేవ్‌లనే (స నుంచి పై స దాకా) ఎనిమిది మెట్లు, పక్కపక్కన ఒక్కో స్వరం దూరమే. వాల్వ్ ఒక్కటి కూడా నొక్కకుండనే స రి గ మ దగ్గర దగ్గరగ అన్నీ ఉంటయి, పెదవి ఇంత తేడా వస్తే పక్కదాని మీద పడతం. నోట్లు పగిలేది అందుకే. హార్న్‌కు కాగితం మీద రాసిన పై సి అంటే చెవికి వినపడేది దాని కంటే ఐదో స్వరం కింద ఎఫ్, సెకనుకు దాదాపు 698 సార్లు పెదవి కొట్టుకోవాలె. అదే ఎఫ్ సైడ్‌ల రెండో హార్మోనిక్‌కు 87 సార్లు చాలు. రెండింటికీ ఇదే మూతి, ఇవే కండరాలు. కాబట్టి ఇది బలంతోని అయ్యే పని కాదని లెక్కలు చూస్తేనే తెలుస్తది.

పెదవి పట్టు సంగతి. చికాగో సింఫనీల మొదటి హార్న్ వాయించిన ఫిలిప్ ఫార్కస్ అని ఒకాయన ఉండె, మౌత్‌పీస్ లోపల మూడింట రెండు వంతులు పై పెదవి, ఒక వంతు కింది పెదవి ఉండాలె అని చెప్పిండు. తర్వాత ఆయనే 40 మంది పెద్ద పెద్ద హార్న్ ప్లేయర్ల మూతులు ఫోటోలు తీసిండు, చూస్తే ఒక్కరిది ఇంకొకరి లెక్క ఉండదు కానీ ఎక్కువ మందిల పై పెదవి వాటానే ఎక్కువ. ట్రంపెట్‌ల నాది సగం సగం, ఇంకా కింది పెదవి దిక్కే ఎక్కువ. మార్చుడు అంటే మౌత్‌పీస్‌ను కొద్దిగ పైకి జరుపుడు, పై రిమ్ (మౌత్‌పీస్ అంచు) పెదవి ఎర్రటి భాగం దాటి మీద కూసోవాలె, ఎర్రటి దాని మీద కూసుంటే నడుమ కొట్టుకోవాల్సిన కండే రిమ్ కింద నలుగుతది. చెప్పుడు సులువు, చీకట్ల అలవాటైన చోటికే మూతి పోతది. అందుకే సారు ఒక ఉపాయం చెప్పిండు, పనికిరాని పాత మౌత్‌పీస్ ఒకటి తీస్కపోయి లేత్ మిషన్ అన్నతోని కప్పు భాగం కోయించి రిమ్ మాత్రం ఉంచి, దానికి పట్టుకోనీకె ఒక కడ్డీ వెల్డింగ్ చేపిచ్చిన. అద్దం ముందు ఆ రిమ్ పెట్టుకుని బజ్ చేస్తే, అంటే పెదవులు కొట్టుకునేటట్టు ఊదితే, లోపల పెదవులు ఏం చేస్తున్నయో కండ్లతోని కనపడతది. రోజు ఇదే మొదటి పని. నేను చూసుకునేది మూడే, మూతి మూలలు గట్టిగ ఉన్నయా, గడ్డం చదునుగ ఉందా ముద్దలెక్క పైకి వస్తుందా, బుగ్గలు ఉబ్బుతున్నయా. పై నోటుకు నవ్వినట్టు మూతి సాగదీసుడు మనోళ్ళల్ల చానా మందికి ఉంటది, దానితోని పెదవి పలచనై రిమ్ కింద ఇంకా నలుగుతది, నోటు వస్తది కానీ సన్నగ, పీలగ వస్తది, ఎక్కువ సేపు నిలవదు. మూలలు లోపలికి, నడుమకు రావాలె, బయటికి కాదు.

పండ్ల గురించి కూడ చెప్పాలె, ఇది మా దిక్కోళ్ళకు ముఖ్యం. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినోళ్ళం, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉండొద్దంటరు, మా చిన్నప్పుడు బోరు నీళ్ళే తాగినం, పండ్లు తయారయ్యే వయసుల ఆ నీళ్ళు తాగితే ఎనామెల్ మీద మచ్చలు, గుంతలు పడతయి, అంచులు పెళుసై రాలుతయి. నా ముందటి పన్ను ఒకదాని అంచు గరుకుగ ఉండె, ట్రంపెట్‌ల అంత తెలియలే కానీ హార్న్‌ల పై పెదవి వాటా పెంచినంక పెదవి సరిగ్గ ఆ పన్ను మీదనే ఆనేది, లోపలి దిక్కు రోజూ కోసుకునేది. పండ్ల డాక్టర్‌కు మౌత్‌పీస్ తీస్కపోయి చూపించి, ఎక్కడ ఆనుతదో చెప్పి, అంచు నున్నగ చేసి పైన ఫిల్లింగ్ పెట్టించుకున్న. పెదవి వెనక ఉండే పండ్లే దానికి ఆధారం, అవి సమంగ లేకుంటే సాధన ఎంత చేసినా మూతి ఒక పక్కకు పోతది. మా జిల్లా పిల్లలకు బ్యాండు నేర్పేటోళ్ళు ముందు నోరు తెరిపించి పండ్లు చూడుండ్రి, దయచేసి.

ఒత్తుడు తగ్గించుడు ఇంకో పెద్ద పని. అసలు ఒత్తొద్దు అనేది కుదరదు, గాలి పక్కల నుంచి పోకుండ ఉండనీకె కొంచెం కావాలె. కానీ ఎక్కువ ఒత్తితే పెదవికి రక్తం ఆడదు, ఆడకుంటే కండరం అలసిపోతది, అలసిపోతే ఇంకా ఒత్తుతం, ఇట్ల తిరుగుతనే ఉంటది. హార్న్‌ను ఎడమ చేతితోని పట్టుకుంటం, చిటికెన వేలుకు ఒక కొక్కెం ఉంటది, పై నోటు వచ్చిందంటే ఆ వేలే హార్న్‌ను మూతికి గుంజుతది మనకు తెల్వకుండనే. సారు ఆ వేలు కొక్కెంలకెళ్ళి తీపిచ్చి బయట పెట్టిపిచ్చిండు. మొదట్ల అంతకుముందు వచ్చే నోట్లు కూడ రాలే, రెండు మూడు మెట్లు కిందికి దిగిన. ఇక్కడనే చానా మంది భయపడి పాత తీరుకు పోతరు, పోవద్దు. గుంజుడుతోని వచ్చిన నోటు నీది కాదు అని సారు ఖరాఖండిగ చెప్పిండు, నాకు కూడ ఇప్పుడు అదే అనిపిస్తది.

ఇగ కింది నోట్లు. రిమ్ బజ్ అయినంక నేను హార్న్ పట్టుకుంటే ముందు మిడిల్ సి, అక్కడి నుంచి ఒక్కో మెట్టు కిందికి, లాంగ్ నోట్లు, మెల్లగ మొదలై పెరిగి తగ్గేటట్టు. కిందికి పోతుంటే దవడ జారాలె, పెదవుల మధ్య సందు పెద్దగ కావాలె, గాలి ఎక్కువ కావాలె కానీ జోరు వద్దు. గాలి పీల్చేటప్పుడు భుజాలు లేవొద్దు, పక్కటెముకలు నడుము దాకా చుట్టూ విచ్చుకోవాలె. పెదవి సడలి ఉండి కూడ మూలలు పట్టు వదలకుంటనే ఆ నోట్లు నిండుగ పలుకుతయి, ఆ పట్టే పైన పనికొచ్చేది. పై నోటుకు కావాల్సింది ఎక్కువ గాలి కాదు, చిన్న సందుల నుంచి జోరుగ పోయే గాలి. పానగల్ చెరువు తూము షట్టర్ కొద్దిగనే ఎత్తితే నీళ్ళు ఎంత జోరుగ దుంకుతయి, గట్ల. నేను అప్పటిదాకా షట్టర్ మొత్తం ఎత్తి వాయించేటోణ్ణి, హార్న్ దాన్ని ఒప్పుకోదు.

తర్వాత స్లర్‌లు, అంటే వాల్వ్ మార్చకుండ, నాలుకతోని కొట్టకుండ, ఒక హార్మోనిక్ నుంచి ఇంకో దానికి పోవుడు. దీనికి నాలుక ఎత్తు ముఖ్యం. కింద "తో" అన్నప్పుడు నాలుక ఎక్కడ ఉంటదో, నడుమ "తూ", పైన "తీ" అన్నప్పుడు ఎక్కడికి లేస్తదో నోట్ల అనుకుని చూడుండ్రి, వాయించేటప్పుడు కూడ అదే. ఒక ఆక్టేవ్ దూరం దుంకేకంటే మూడు పక్కపక్క హార్మోనిక్‌ల మీద మెల్లగ అటిటు పోవుడే నాకు ఎక్కువ లాభం చేసింది. పైకి పోయేటప్పుడు సౌండు పెంచకుండ, ఇంకా కొద్దిగ తగ్గిస్తూ పోవాలె, మెల్లగ రాని నోటు ఇంకా రాలేదనే లెక్క. వాయించినంత సేపు ఆగాలె కూడ, ఒక లైన్ వాయిస్తే అంత సేపు హార్న్ ఒడిల పెట్టుకుని కూసోవుడు. ఈ ఆగుడు నేను మా బ్యాండుల ఎక్కడ చూడలే, కండరానికి రక్తం తిరిగి రావాలంటే ఇదొక్కటే మార్గం.

పెండ్లిండ్ల సీజన్ల ఇదంతా ఎట్ల నడుస్తది అంటే, నడవదు పూర్తిగ. రాత్రి బరాత్‌ల ట్రంపెట్ గంటలు గంటలు వాయించినంక పొద్దున పెదవి వాచి ఉంటది, ఆ పొద్దు హార్న్ మీద పై నోట్ల జోలికి పోను, కింది లాంగ్ నోట్లు మెల్లగ కొంచెం సేపు, అంతే, అవే వాపు తీస్తయి. మూఢం వచ్చి పెండ్లిళ్ళు ఆగినప్పుడే అసలు సాధన. ఇంట్ల వాయిస్తే పక్కింటోళ్ళకు ఇబ్బంది అని తెల్లారకముందే ఉదయ సముద్రం కట్ట మీదికి పోత. ఎండాకాలం మాత్రం ఒక సంగతి, మన దిక్కు ఎండకు లోపలి గాలి వేడెక్కి పిచ్ పైకి పోతది, ట్యూనర్ చూసి మెయిన్ స్లైడ్ (పైపు పొడుగు మార్చే ముక్క) బయటికి గుంజాలె, పెదవితోని కిందికి లాగి సరిచేద్దాం అనుకుంటే కట్టుకున్న పట్టంతా చెడిపోతది.

మిగిలినవి గబగబ చెప్తా. రెండో గీత మీది జి షార్ప్ నుంచి పైకి బొటనవేలు వాల్వ్‌తోని బి ఫ్లాట్ సైడ్ వాడుతున్న, పైపు చిన్నది కాబట్టి పై నోట్లు కొంచెం నమ్మకంగ తగులుతయి. కుడి చెయ్యి బెల్‌ల ఎక్కువ మూస్తే పిచ్ దిగి సౌండు మొద్దుబారుతది. మౌత్‌పీస్ హార్న్‌దే ఉండాలె, ట్రంపెట్‌ది కప్పు లెక్క ఉంటది, దీనిది గరాటు తీరు లోపలికి సన్నమైతది, ఆ మెత్తదనం అక్కడి నుంచే. మన బ్యాండు సామాను ఎక్కువ మీరట్ జలీ కోఠీల తయారైతది, మౌత్‌పీస్ తెప్పించుకునేటప్పుడు హార్న్‌కే అని గట్టిగ చెప్పుండ్రి, రిమ్ అంచు వేలితోని తడిమి చూసుకోండ్రి.

ఇప్పుడు పై ఎ ఎప్పుడు అడిగినా వస్తది, బి ఫ్లాట్ వస్తది, సి మూతి తాజాగ ఉన్న పొద్దు మెల్లగనే పలుకుతది, చిటికెన వేలు బయటనే ఉంటది. కష్టం ఇప్పుడు ఇంకో దగ్గర ఉంది, మిడిల్ సి నుంచి దాని కింది జి దాకా ఉన్న నాలుగైదు నోట్లు, అక్కడ దవడ జారే చోట సౌండు రెండు ముక్కలైతది, పైనుంచి దిగేటప్పుడు ఒక రకంగ, కిందికెళ్ళి ఎక్కేటప్పుడు ఇంకో రకంగ. సారు సి, బి, బి ఫ్లాట్, ఎ అని దిగుకుంట ఒక్కో దాని మీద దవడ ఇంత ఇంత జార్చమంటుండు, ఒక్కసారే కాదు. ఈ మూఢం అంతా దాని మీదనే కూసుంట.