బెంగుళూరు బ్రూపబ్బులో చిత్తూరు నాలుక

చిత్తూరు నుంచి పలమనేరు, ముల్బాగల్, కోలారు మీదుగా బెంగుళూరు దాదాపు 180 కిలోమీటర్లు. తిరుపతి నుంచైతే 250. ఇంత దూరం పోయి బ్రూపబ్బులో కూర్చుని "ఏది బాగా చల్లగా, బాగా స్ట్రాంగ్‌గా ఉంటే అది తెండి" అంటే ఆ ప్రయాణం దండగ. ఆ బీరు మన వీధి చివర వైన్‌షాపులోనే ఉంది. బ్రూపబ్బుకి పోయేది అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, పాశ్చరైజ్ చెయ్యకుండా ట్యాంకులోంచి నేరుగా గ్లాసులోకి పట్టే బీరు కోసం. చెట్టు కింద తాగే కల్లుకీ సీసాలో వచ్చే సరుకుకీ ఎంత తేడా ఉందో, దీనికీ సీసా బీరుకీ అంత తేడా ఉంది.

పోయే వేళ ముఖ్యం. శనివారం రాత్రి పోతే కూర్చోడానికి చోటుండదు, వెయిటరుకి నాలుగు మాటలు చెప్పే తీరిక ఉండదు, పాటల హోరులో పక్కనున్న మనిషి మాటే వినపడదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం నాలుగింటికి పోండి. రాగి, స్టీలు ట్యాంకులు కనపడే వైపు బల్ల అడగండి, సిగరెట్లు కాల్చే చోటికి దూరంగా. పొగ ముక్కుకెక్కితే బీరులో సగం పోయినట్టే. ఆ రోజు బీరు కాచే పని ఉంటే లోపల అడుగు పెట్టగానే హార్లిక్స్ డబ్బా మూత తీసినట్టు కమ్మటి వాసన తగులుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మరపట్టి, 65–67 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడితే వచ్చే వాసన అది. ఆ గంటలోనే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్ళను వడగట్టి, చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ పూలు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో 2010లో తెరిచిన టాయిట్ మొదలుకొని ఆ ఊళ్ళో ఇలాంటి చోట్లకు ఇప్పుడు కొదవలేదు. ఏ చోటికి పోయినా అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఇవే.

కూర్చోగానే పెద్ద గ్లాసు చెప్పొద్దు. చిన్న గ్లాసుల్లో అన్ని రకాలూ కొంచెం కొంచెం తెచ్చే శాంప్లర్ చాలాచోట్ల ఉంటుంది. అది తెప్పించుకుని తేలికపాటి దానితో మొదలుపెట్టి చేదు వైపు, నలుపు వైపు పోవాలి. హాప్స్ దండిగా వేసిన ఐపీఏ అనే చేదు బీరు ముందు తాగితే దాని చేదు నాలుక మీద కూర్చుంటుంది, తర్వాత తాగిన గోధుమ బీరు నీళ్ళలా అనిపిస్తుంది. తప్పు బీరుది కాదు, వరసది.

మనవాళ్ళకి మొదటి పరిచయంగా నేను చెప్పేది గోధుమ బీరే. జర్మన్ పద్ధతి హెఫెవైజెన్‌లో సగమైనా గోధుమ మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమ, ఉంటుంది, మబ్బుగా ఉంటుంది. ఆ మబ్బును చూసి పాడైందనుకోవద్దు, అందులో ఉన్నది ఈస్టు. వాసన చూస్తే అరటిపండు, లవంగం. అందులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు, రెండూ ఈస్టు పుట్టించేవే. పులిసేటప్పుడు ట్యాంకు 18 డిగ్రీల దగ్గరుంటే లవంగం పైకొస్తుంది, 22 దాటితే అరటిపండు. అందుకే ఒకే పేరున్న బీరు రెండు పబ్బుల్లో రెండు రకాలుగా ఉంటుంది. బెల్జియం పద్ధతి విట్‌బియర్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాల పొడి లేని వంటిల్లు లేని మన జిల్లాలో ఆ వాసన ఎవరూ పోల్చుకోలేకపోరు.

గ్లాసు రాగానే తాగకండి, చూడండి. గ్లాసు లోపలి గోడకి బుడగలు అతుక్కుని నిలబడితే జిడ్డు సరిగ్గా పోలేదని అర్థం. ఆ గ్లాసులో నురగ నిమిషంలో చచ్చిపోతుంది. మార్చమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నురగ రెండు వేళ్ళ మందాన ఉండాలి. "నురగ లేకుండా నిండా పోయండి" అని మనవాళ్ళు పట్టుబట్టేది డబ్బుకి తగ్గ బీరు రాలేదనే. కానీ పోసేటప్పుడు బయటికి పోని గ్యాసంతా పొట్టలోకే పోతుంది, రెండో గ్లాసుకే కడుపు ఉబ్బరం. వాసన మోసేదీ ఆ నురగే. ఐసు గడ్డలా ఉంటే అరచేతులతో గ్లాసు పట్టుకుని అయిదు నిమిషాలు ఆగండి. 4 డిగ్రీల దగ్గర నాలుక మొద్దుబారుతుంది. గోధుమ బీరుకి 7, 8 డిగ్రీలు, బాగా వేపిన గింజలతో చేసే నల్ల బీరు స్టౌట్‌కి 10 దాటినా మంచిదే. పిచ్చర్, అంటే పెద్ద జగ్గు, చవకని తెప్పించుకుంటే, ఇద్దరే ఉన్నప్పుడు సగం అయ్యేసరికి గ్యాసు పోయి గోరువెచ్చన నీళ్ళవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, బాగాలేని బీరును పట్టుకోవడం. వెన్న కాచిన వాసనో, బటర్ పాప్‌కార్న్ వాసనో వస్తే తొందరపడి దించేశారని లెక్క. పులిసే క్రమంలో ఈస్టే ఆ పదార్థాన్ని వదులుతుంది, ఇంకో రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచితే తానే తిరిగి తినేస్తుంది. ఆ రెండు రోజులూ ఇవ్వకపోతే వెన్న మిగిలిపోతుంది. పచ్చి యాపిల్ వాసనదీ దాదాపు ఇదే కథ. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించడం చాల్లేదు, లేదా చల్లార్చడం ఆలస్యమైంది. వెనిగర్ పులుపు మాత్రం శుభ్రత లోపం: ట్యాంకు నుంచి కుళాయికి వచ్చే గొట్టాలను రెండు వారాలకోసారైనా మందు పెట్టి కడగాలి, లేకపోతే లోపల పాచి పట్టి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన గాలి తగిలి పాతబడిన బీరుది. వీటిలో ఏది కనపడినా గ్లాసు వెనక్కి పంపండి. "ఈ రకం ఎప్పుడు ట్యాంకుకి ఎక్కించారు?" అని అడగండి. వెచ్చగా, త్వరగా పులిసే ఏల్ రకాలకు కాపు నుంచి గ్లాసు దాకా రెండు మూడు వారాలు పడుతుంది. చల్లగా, నెమ్మదిగా పులిసే లాగర్‌కి చల్లటి ట్యాంకులో నిలవుండే కాలమే నాలుగు నుంచి ఆరు వారాలు. లాగర్‌ను రెండు వారాల్లోనే దించామని గొప్పగా చెప్పే చోట నేనైతే లాగర్ ముట్టను.

ఎండాకాలం చివర్లో పోతే మామిడి బీరు ఉండొచ్చు. మన తోతాపురిని మనమే "బెంగుళూరు కాయ" అంటాం. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు నడిచేది ఎక్కువగా ఆ కాయ మీదే. బీరులో గుజ్జు కలిపేది మొదటిసారి పులియడం అయిపోయాక, లీటరుకి 100 నుంచి 200 గ్రాముల దాకా. గుజ్జులోని తీపిని ఈస్టు మళ్ళీ తినేస్తుంది కాబట్టి సరిగ్గా చేసిన మామిడి బీరు తియ్యగా ఉండదు. పండు వాసన, కొంచెం వగరు, కొంచెం పులుపు మిగలాలి. డబ్బాలో అమ్మే మామిడి జ్యూసులా తియ్యగా ఉంటే చివర్లో సిరప్ కలిపారన్నమాట. రాగి బీరు కనపడితే తప్పకుండా రుచి చూడండి. పూర్తిగా రాగులతో చెయ్యడం కష్టం. బార్లీ పొట్టు వడగట్టేటప్పుడు జల్లెడలా పనిచేస్తుంది. రాగి గింజ చిన్నది, ఆ పొట్టు దానికి లేదు, పిండి ముద్దకట్టి కదలదు. అందుకే బార్లీలో కొంత వంతే రాగులు కలుపుతారు. మట్టి వాసన లాంటి ఆ కమ్మదనం సంగటి తిన్న నోటికి చప్పున తెలుస్తుంది.

తిండి దగ్గర మనం చేసే పొరపాటు ఒక్కటే: కారంగా ఉన్న ఆంధ్రా చిల్లీ చికెన్ చెప్పి, పక్కన ఐపీఏ పెట్టుకోవడం. హాప్స్ చేదు, గ్యాసు, ఆల్కహాలు మూడూ కలిసి మిరప మంటను రెచ్చగొడతాయి. కారానికి గోధుమ బీరు పెట్టుకోండి, దాని మెత్తదనం మంటను అణుస్తుంది. శెనక్కాయల మసాలా, చేప వేపుడు, ఉప్పగా నూనెలో వేగినవన్నీ లాగర్‌కి. ఆ చురుకు నాలుక మీది నూనెను కడిగేస్తుంది. మటన్ వేపుడుకి ఎర్రటి ఆంబర్ ఏల్, ఎందుకంటే మాంసం మాడిన అంచుకీ వేపిన మాల్టుకీ ఒకే జాతి రుచి. సంగటి, నాటుకోడి పులుసు దొరికే చోటైతే అదే ఆంబర్ దానికీ కుదురుతుంది. స్టౌట్‌ను చివరికి ఉంచి చాక్లెట్ కేకుతో తాగండి, కాఫీ చేదుకి తీపి తోడవుతుంది. ఖాళీ కడుపుతో మాత్రం మొదలుపెట్టొద్దు. ప్రతి గ్లాసుకీ ఒక గ్లాసు మంచినీళ్ళు.

లెక్క ఇది. 5 శాతం బీరు 500 మిల్లీలీటర్లలో 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఒళ్ళు గంటకి 7 నుంచి 10 గ్రాములే ఖర్చుపెడుతుంది, అంటే ఒక్క గ్లాసుకే రెండు మూడు గంటలు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రాత్రిపూట కోలారు దాటి మొగిలి ఘాటు దిగాల్సిన వాళ్ళు కారు తేకపోవడమే మంచిది. ఇందిరానగర్‌లో మెట్రో పర్పుల్ లైను ఎక్కితే మారకుండా మెజెస్టిక్, అక్కడ రాత్రి బస్సు. సీటు ముందే బుక్ చేసుకోండి. బీరు కట్టించుకుని ఇంటికి తెద్దామనుకోవద్దు. వేరే రాష్ట్రం మందును ఆంధ్రాలోకి తేవడం కేసవుతుంది, పైగా పాశ్చరైజ్ చెయ్యని బీరు బస్సు వేడికి తెల్లారేసరికి పాడవుతుంది. గాంధీ జయంతికీ, పోలింగు ముగిసే వేళకి ముందు 48 గంటలూ తలుపులు మూసే ఉంటాయి. తిరుపతి వాళ్ళకి ఇంకో మాట: కొండకి పోయే పని ఉన్న వారంలో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. తిరుమల మీద మద్యం పూర్తిగా నిషేధం, అలిపిరిలో ప్రతి బండినీ, ప్రతి సంచినీ చూస్తారు. దర్శనం ముందు చేసుకుని, బెంగుళూరు ఆ తర్వాతి వారానికి పెట్టుకోండి.