అడ్డాకు దొప్పలో కప్‌కేక్

డబ్బా మూత తీసేసరికి పన్నెండు కప్‌కేకుల్లో నాలుగు పక్కకి ఒరిగిపోయి, క్రీమంతా డబ్బా గోడకే అంటుకుపోయి ఉంది. విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాను, మేనకోడలి పుట్టినరోజుకని. ఏడుపొచ్చేసింది నిజంగా.

వదిన ఏమీ అనలేదు. మొన్న వ్రతానికి తెచ్చి మిగిలిన చిన్న అడ్డాకు (అడ్డతీగ ఆకు) దొప్పలు అటక మీంచి దింపి, కాసిని నీళ్ళు చిలకరించి తుడిచి "ఇందులో పెట్టి చూడమ్మా" అంది. ఎంత బాగా కుదిరిందో! పుల్లలతో కుట్టిన ఆ దొప్పలో కేకు దిగి కదలకుండా కూర్చుంది, అడుగున బటర్ పేపర్ ముక్క వేశాం అంతే. ఆ ముదురాకుపచ్చ మీద తెల్ల క్రీమ్ చూస్తే ఏ షాపు బాక్సూ గుర్తు రాలేదు నాకు.

అమ్మేవాటికి మాత్రం డబ్బాలో అట్టముక్క వేసి, కేకు అడుగు పట్టేంత గుండ్రంగా కన్నాలు కోసి దింపాలి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, లేకపోతే లోపల చెమట పట్టి కాగితం ఊడొచ్చేస్తుంది. కానీ ఇళ్ళల్లో ఫంక్షన్లకి ఇంక దొప్పలే.

చిన్న సైజువి విజయనగరంలో ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పరూ, ఆదివారానికి ఇరవై నాలుగు కావాలి.