నంబర్ 214

"నాన్నా, వీడియో తీశావా?" రొప్పుతూనే అడిగాడు మావాడు.

తీశాను. తీరా చూస్తే అందులో నేల, వాడి బూట్లు తప్ప ఏమీ లేవు. చేతులు వణికాయి మరి.

కాలేజీ కోచ్‌లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను చూసుకునే క్యాంపులో 40 గజాల పరుగు, అంటే ముప్పయ్యారు మీటర్ల చిల్లర. మావాడికి 4.98 సెకన్లు పట్టింది. ఆ ఐదు సెకన్ల కోసం తెల్లవారుజామున లేచి మూడు గంటలు డ్రైవ్ చేశాం. టెక్సాస్ జూన్ ఎండ మన రోహిణి కార్తెకేం తీసిపోదు.

టీషర్టు మీద మార్కర్‌తో 214 అని రాశారు. పొద్దంతా వాడి పేరు అదే.

ఈ క్యాంపులు అందరికీ తెరిచి ఉంచాలన్నది అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ రూల్. ఫీజు కడితే చాలు, ఎవరైనా రావచ్చు. కానీ పక్క లైన్‌లో ఓ ఆజానుబాహుడి చుట్టూ ముగ్గురు కోచ్‌లు, మావాడి దగ్గర అట్ట పట్టుకున్న స్టూడెంట్ ఒక్కడు. అక్కడే అర్థమైపోయింది (నాకు. వాడికి ముందే తెలుసనుకుంటా).

పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా పెద్ద కాలేజీల కోచ్‌లు జట్టులోకి రమ్మనే రిక్రూటింగ్ మెసేజ్‌లు పంపకూడదు. మావాడు ఇప్పుడు పదిలోకి వెళ్తున్నాడు. అయినా దారంతా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు.

తెనాలి నుంచి అమ్మ ఫోన్. "కాలేజీ సీటుకి పరుగు పందెం ఏంట్రా? ఎంసెట్ లాంటిది లేదా అక్కడ?"

ఇంటికొచ్చాక ఆ టీషర్టు ఉతకడానికి వేయమన్నాను.

"వద్దు నాన్నా, ఉండనీ."