డయాలసిస్ ఎప్పుడు పెడతారు?

ఐసీయూలో నైట్ డ్యూటీ అంటే నా చూపు మానిటర్ కంటే యూరిన్ బ్యాగ్ మీదే ఎక్కువ. 70 కిలోల మనిషికి గంటకు 35 మి.లీ. కూడా రాకుండా 6 గంటలు గడిస్తే, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) ఇంకా పెరగకపోయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క.

"మరి డయాలసిస్ వెంటనే పెట్టరేంటమ్మా?" అని బంధువులు నిలదీస్తారు. అడగడం న్యాయమే. కానీ కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న ఐసీయూ పేషెంట్ల మీద 2020లో వచ్చిన స్టార్ట్-ఏకేఐ అధ్యయనంలో, డయాలసిస్ ముందే మొదలుపెట్టినందువల్ల మరణాలు తగ్గలేదు. పైగా బతికినవాళ్లలో 90 రోజులకి కూడా డయాలసిస్ మీదే ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే రక్తంలో పెరిగిన పొటాషియం మందులకు లొంగకపోతేనో, ఊపిరితిత్తుల్లో నీరు చేరితేనో, రక్తంలో ఆమ్లం మరీ పెరిగితేనో మెషిన్ తెస్తాం. బీపీ నిలవనివాళ్లకి ఎక్కువగా సీఆర్ఆర్‌టీ, అంటే 24 గంటలూ మెల్లగా నడిచే డయాలసిస్. దాని అలారాలున్నాయే, అబ్బో! ఫిల్టర్‌లో రక్తం గడ్డకడితే ఆ సెట్టంతా మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.