వేపచెట్టు కింద డ్రిల్లు పీరియడ్

నేను ఒకటో తరగతిలో చేరింది 1981లో. మద్రాసు చాకలిపేటలో మన తెలుగు బడి వెనకున్న జాగా పెద్దదేమీ కాదు. ఒక వేపచెట్టు, ఒక కుళాయి, మిగిలిందంతా ఇసుక. మరుసటి ఏడాది కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆయన నందనం వైఎంసీఏ వ్యాయామ కళాశాలలో చదువుకున్నారు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ పెట్టిన కాలేజీ అది. ఆ పేరు చెప్పేటప్పుడు మాస్టారు నిటారుగా నిలబడేవారు.

వచ్చిన మొదటి రోజే ఆయన కళ్లు వేపచెట్టు కిందికి వెళ్లాయి. మన క్లాసులో పోలియో వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు కదా, పేరు రాయను, మన పూర్వ విద్యార్థుల ఈ సంచిక వాడూ చదువుతాడు. ఇనుప బూటు కాలితో, డ్రిల్లు ఉన్నప్పుడల్లా మా సంచులకు కాపలా కూర్చునేవాడు. మాస్టారు సున్నంతో రెండు గీతలు గీసి, "అందరూ కింద కూర్చోండ్రా" అన్నారు. కూర్చున్న చోటునుంచి లేవకూడదు, జరగొచ్చు. బంతిని చేత్తోనే తోయాలి, అవతలి గీత దాటిస్తే గెలుపు. గోడలు పట్టుకుని నడిచి నడిచి వాడి చేతులు ఉక్కులా ఉండేవి. గంట కొట్టేసరికి రెండు జట్లూ "మా వైపు రారా" అని వాణ్ణి పిలుస్తున్నాయి. ఆ తర్వాత సంచులు వాటంతటవే చెట్టు కింద పడి ఉండేవి.

ఆ ఏడాదే ఎమ్జీఆర్ పౌష్టికాహార పథకం వచ్చింది, మన బడిలోనూ సాంబారన్నం పెట్టడం మొదలైంది. పాత మేజోడులో సబ్బు ముక్క వేసి కుళాయికి కట్టింది మాస్టారే. గోళ్ల సందులు, బొటనవేలు, మణికట్టు, ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దాలి. పది దాకా తెలుగులో, మిగతా పది తమిళంలో లెక్కపెట్టేవాళ్లం.

పళ్ల సంగతి మా అమ్మకు చెప్పిందీ ఆయనే. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక దవడ పన్ను వస్తుంది. అదీ ఊడేదేలే అనుకుంటారు. కాదు, జన్మంతా ఉండాల్సింది.

మూడో తరగతిలో ఒక సాయంత్రం, సముద్రపు గాలి తిరిగాక (ఎండలో మమ్మల్ని ఆయన ఎన్నడూ పరుగెత్తించలేదు), "రెండు వేళ్లు దవడ కింద, మెడ పక్కన పెట్టండి. కొట్టుకుంటోందా? అదే మీ గుండె" అన్నారు. ఆయన గడియారం చూస్తుంటే 15 సెకన్లు లెక్కపెట్టాం. నాకు 23. జాగా చుట్టూ రెండు చుట్లు పరిగెత్తి వచ్చాక 37. నాలుగుతో హెచ్చవేస్తే 92, 148. నాలుగో ఎక్కం నాకు అక్కడే వచ్చింది.

"ఎక్కువ వచ్చినవాడు గెలిచినట్టా సార్?" అని ఎవరో అడిగారు.

"ఇందులో గెలుపు లేదు నాయనా. కాసేపు కూర్చుని మళ్లీ లెక్కపెట్టు. రోజూ ఆడేవాడికి తొందరగా దిగుతుంది."

ఐదు పూర్తయ్యాక వేరే పెద్ద స్కూలుకు వెళ్లాను. అక్కడ టైంటేబుల్లో పీటీ అని రాసి ఉండేది, లెక్కల సార్ వచ్చి కూర్చునేవారు. కిటికీలోంచి ఖాళీ గ్రౌండు కనబడుతుంటే ఏడుపొచ్చేది. ఆ బాధ ఇంకా పోలేదు. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి రెండు పీరియడ్లతోనే అది తీరదు, వాటినీ లాక్కుంటే ఇంకేం మిగులుతుంది? మనలో టీచర్లయినవాళ్లు చాలామంది ఉన్నారు. చేతులెత్తి అడుగుతున్నాను, సిలబస్ వెనకబడినా సరే, చిన్నపిల్లల డ్రిల్లు పీరియడ్ తీసుకోకండి.

మొన్న జనవరిలో ఆ మిత్రుడూ నేనూ బడికి వెళ్లాం. జాగాలో సగానికి షెడ్డు వేశారు. వేపచెట్టు ఉంది. దాని కింద కూర్చుని ఇద్దరం మెడ మీద వేళ్లు పెట్టుకున్నాం. వాడు గడియారం చూశాడు. నాకు 19, వాడికి 17.