1.5479 వెనకాల ఏముందో పట్టుకున్నాను: నా అనుభవం

నా థీసిస్ చాప్టర్‌కి మొన్ననే ఆమోదం వచ్చింది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్‌లో ఒకచోట ఒక ఇంటిగ్రల్ తగిలింది. ఎక్స్ స్క్వేర్‌ని సైన్ ఎక్స్‌తో భాగించి, 0 నుంచి పై (π) బై 2 వరకు తీసుకోవాలి. విలువ 1.5479824021... అలా సాగిపోతుంది. మా గైడ్ గారికి దశాంశాలంటే పడదు. "కచ్చితమైన రూపం లేకపోతే ఆ లెమ్మా తీసేయమ్మా" అన్నారు. కచ్చితమైన రూపమంటే π లాంటి తెలిసిన సంఖ్యలతో రాసే సూత్రం; లెమ్మా అంటే పెద్ద రుజువుకి మెట్టులా వాడుకునే చిన్న ఫలితం.

విలువ రాబట్టడం తేలికే. పైథాన్‌లో ఎంపీమాథ్ (ఎన్ని అంకెలు కావాలంటే అన్ని లెక్కించే లైబ్రరీ) వేసుకుని 60 అంకెలు అడిగితే వెంటనే ఇచ్చింది. మామూలు కాలిక్యులేటర్ ఇచ్చే 15 అంకెలతో మాత్రం, అంకెల్ని బట్టి సూత్రం వెతికే పనికి దిగకండి. అన్ని తక్కువ అంకెలైతే ఏ సంఖ్యకైనా ఏదో ఒక దొంగ సూత్రం అతుక్కుంటుంది. సూత్రంలో ఉండొచ్చనుకునే సంఖ్యల జాబితాలో 6 ఉండి, వాటిని గుణించే పూర్ణాంకాలు (గుణకాలు) మూడంకెల దాకా పోతాయనుకుంటే 18 అంకెలు కనీసం కావాలి. నేను దానికి మూడింతలు పెట్టుకుంటాను.

తర్వాతది పీఎస్ఎల్‌క్యూ. ఫెర్గూసన్, బెయిలీ 1992లో చెప్పిన పద్ధతి ఇది. కొన్ని సంఖ్యలు ఇస్తే, వాటిని ఏ పూర్ణాంకాలతో గుణించి కూడితే సున్నా వస్తుందో వెతికిపెడుతుంది. నా విలువతో పాటు 1, π, π స్క్వేర్, లాగ్ 2, కేటలాన్ స్థిరాంకం (ఇదేమిటో కింద చెబుతాను), జీటా(3) (1, 8, 27 అలా ఘనాలన్నిటి వంతులూ కూడితే వచ్చే సంఖ్య) ఇచ్చాను. జవాబు: 'నన్' (None), అంటే ఏమీ దొరకలేదని. ఎంపీమాథ్‌లో ఈ వెతుకులాట, మనం ఏమీ చెప్పకపోతే, 100 మెట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ హద్దు 10,000కి పెంచాను. మళ్లీ 'నన్'. అంకెలు రెట్టింపు చేసినా అదే.

ఆ తెర మీది 'నన్'ని గైడ్ గారు రివ్యూ మీటింగ్‌లో అందరి ముందూ చదివి వినిపించారు. "కంప్యూటరే లేదంటోంది కదమ్మా, ఇంకెందుకీ పట్టుదల?" పక్కనున్న పెద్దాయన ఇంకో ముక్క కలిపారు, "ఊహించడం గణితం కాదు" అని. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ ఆ ప్రోగ్రామ్ ఏం వెతుకుతుందో తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. 'నన్' అంటే ఆ సంఖ్యకి రూపం లేదని కాదు, మనం ఇచ్చిన జాబితాతో ఆ హద్దుల్లో కుదరలేదని, అంతే. పప్పు డబ్బాలో ఉప్పు కనిపించకపోతే ఇంట్లో ఉప్పే లేదంటారా? π అంకెల్ని 16 ఆధారంగా, ముందువి లెక్కించకుండానే నేరుగా ఎక్కడివంటే అక్కడివి తీసే సూత్రాన్ని 1995లో ప్లూఫ్ అనే గణితజ్ఞుడు పట్టుకున్నది ఈ పీఎస్ఎల్‌క్యూతోనే. ముందు కంప్యూటర్‌లో దొరికింది, ఆ తర్వాత రుజువైంది. ఇదే అక్కడ చెప్పబోతే "టైమ్ అయిపోయింది" అన్నారు.

ఈలోపు ఒక సహోద్యోగి పెద్ద జాబితా పంపి, "ఇది వేసి చూడు, పడుతుంది" అన్నాడు. పడింది కూడా! శుభాకాంక్షలు కూడా వెంటనే వచ్చాయి. జవాబు చూస్తే నా విలువ పక్కన గుణకం 0. అతని జాబితాలో లాగ్ 2, లాగ్ 3, లాగ్ 6 మూడూ ఉన్నాయి. మొదటి రెండూ కలిపితే మూడోది. యంత్రం ఆ సంగతే కనిపెట్టి ఇచ్చింది. కాబట్టి ఒకదానికొకటి చుట్టాలైనవాటిని జాబితాలోకి రానివ్వకండి. జవాబు వచ్చిందని చప్పట్లు కొట్టే ముందు మొదటి గుణకం చూడండి.

దారి దొరికింది కింది మెట్టు మీద. స్క్వేర్ తీసేసి ఒట్టి ఎక్స్ బై సైన్ ఎక్స్ పెట్టి చూశాను. విలువ 1.8319..., సరిగ్గా రెండు కేటలాన్‌లు. కేటలాన్ అంటే 1 నుంచి 9వ వంతు తీసి, 25వ వంతు కలిపి, అలా బేసి సంఖ్యల వర్గాలతో సాగే శ్రేణి. వర్గాలు, అంటే రెండో ఘాతాలు కాబట్టి దాని 'బరువు' 2 అంటాం; రెండు సంఖ్యల్ని గుణిస్తే వాటి బరువులు కూడుకుంటాయి. లవంలో ఎక్స్ ఇంకోసారి చేరితే బరువు 3 కావాలి. π బరువు 1, లాగ్ 2 బరువు 1, జీటా(3) బరువు 3. మొదటి జాబితాలో π ఉంది, కేటలాన్ ఉంది, కానీ రెండింటి లబ్ధం లేదు. పీఎస్ఎల్‌క్యూ తనంతట తాను దేన్నీ దేనితోనూ గుణించదు. ఈసారి బరువు 3 ఉన్నవే ఇచ్చాను: π ఇంటూ కేటలాన్, జీటా(3), π స్క్వేర్ ఇంటూ లాగ్ 2, π క్యూబ్, (లాగ్ 2) క్యూబ్. రెప్పపాటులో గుణకాలు వచ్చాయి: నా విలువకి 2, తర్వాతవాటికి వరుసగా −4, 7, 0, 0, 0.

అంటే ఆ ఇంటిగ్రల్, 2 ఇంటూ π ఇంటూ కేటలాన్‌లోంచి మూడున్నర జీటా(3) తీసేస్తే వచ్చేది. 200 అంకెల దాకా సరిచూశాను, తేడా లేదు. రుజువు ఒక్క సాయంత్రం పని: ఒకసారి ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, ఆపైన లాగ్ టాన్ (ఎక్స్ బై 2) ఫోరియర్ శ్రేణి. జవాబు ముందే తెలిశాక ఎటు నడవాలో కాగితమే చెబుతుంది.

రుజువు చూసి గైడ్ గారు "మేం కనుక్కున్నాం" అని మీటింగ్‌లో ప్రకటించారు. ఆ 'మేం'లో ఎవరెవరున్నారో నేను అడగలేదు.

ఇప్పుడు ఎక్స్ క్యూబ్ మీద పడ్డాను. ఎవరైనా ప్రయత్నిస్తే π స్క్వేర్ ఇంటూ కేటలాన్‌తో పాటు, బేసి సంఖ్యల నాలుగో ఘాతాలతో కేటలాన్‌లాగే గుర్తులు మారుతూ పోయే శ్రేణిని కూడా జాబితాలో పెట్టండి. అది లేకుండా అడిగితే మళ్లీ 'నన్' అనే అంటుంది.