కంకర లెక్క

“ఆయ్, కంకర రెండు యూనిట్లు తోలించేత్తానండి, మళ్లీ చూసుకోనక్కర్లేదు” అన్నాడు మేస్త్రి, మొక్కల మధ్య దారిని కళ్లతోనే కొలిచేసి.

టేపు తెచ్చి అటు కొస పట్టుకోమన్నాను. దారి 40 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మూడంగుళాల మందమంటే పావు అడుగు. 30 ఘనపుటడుగులు. గేటు దగ్గర బండి నిలిపే చోటు 15కి 12, అక్కడ నాలుగంగుళాలైనా పడాలి కాబట్టి ఇంకో 60. అణిగిపోయేదానికి పదో వంతు కలిపినా 99. యూనిట్టంటే 100 అడుగులేగా! అదే నాలుగు టన్నుల పైమాట.

మేస్త్రి ఒప్పుకోలేదు. పలుగుతో ఓ పెళ్ల లేపి చూపించాడు. నల్లటి బంకమట్టి, విదిలించినా పలుగుని వదల్లేదు. “వానలు పడితే మీ చిప్సు కంకర ఇందులోకి దిగిపోద్దండి.”

నిజమే, కోనసీమ నేల కదా. కానీ దానికి మందు రెండో యూనిట్టు కాదు. కింద క్రషర్ డస్టు, అంటే రాతిపొడి, పరిచి దిమ్మిస కొడితే చాలు. ఇక్కడ కొండెక్కడుంది? ప్రతి రాయీ మెట్ట నుంచి, గోదావరి వంతెన దాటి రావాల్సిందే. ఆ కిరాయి పెట్టి బురదకి మేపడం నా వల్ల కాదు.

చివరికి ఒక యూనిట్టుకే కుదిరింది. రేపు లారీ వచ్చాక, దింపకముందే తొట్టి కొలుస్తానన్నాను.

“నడుమ గుట్టగానే ఉంటదండి, మూలలు చూసుకోండి” అన్నాడు నవ్వుతూ. ఈయన ఎవరి తరఫునో ఇప్పటికీ తేలలేదు.